ట్రినిడాడ్‌లో అడవిపిల్లి తూటాలు

ట్రినిడాడ్ అనగానే మనవాళ్ళకు వెస్టిండీసు, క్రికెట్టు గుర్తుకు వస్తాయి. నేను చూసివచ్చిన ట్రినిడాడ్ అది కాదు. ఇది అమెరికాలో కొలరాడో రాష్ట్రానికి దక్షిణపు కొసన, న్యూమెక్సికో సరిహద్దు దగ్గర, ఆరువేల అడుగుల ఎత్తున ఉన్న చిన్న ఊరు. డెన్వరు నుంచి కారులో దాదాపు 200 మైళ్ళు. దారిపొడవునా కుడివైపు మంచు తలపాగాలు చుట్టుకున్న కొండలు, ఎడమవైపు కనుచూపుమేర ఎండుగడ్డి. ఊరు దగ్గరపడేసరికి, శిఖరాన్ని ఎవరో కత్తితో కోసి తీసేసినట్టు బల్లపరుపుగా ఉన్న ఫిషర్స్ పీక్ ఎదురువస్తుంది.

వీధుల్లో పరచిన ఎర్ర ఇటుకలమీద ఊరిపేరే అచ్చువేసి ఉంటుంది. ఒకప్పుడు శాంతాఫే బాటన పోయే వర్తకుల బండ్లు ఈ ఊరిమీదుగానే రటోన్ కనుమ ఎక్కేవి. తరువాత బొగ్గుగనులు వచ్చాయి. ఊరికి ఉత్తరాన లడ్లో అనే చోట, 1914 ఏప్రిల్ 20న సమ్మెలో ఉన్న గనికార్మికుల డేరాలమీద కాల్పులు జరిగాయి. డేరాలు తగులబడ్డాయి. ఒక డేరా కింది గోతిలో తలదాచుకున్న ఇద్దరు స్త్రీలు, పదకొండుమంది పిల్లలు ఊపిరాడక చనిపోయారు. తుపాకిని గురించి వ్రాయబోతూ ఆ చోటును తలచుకోకుండా ఉండలేను.

మా అల్లుడితో పనిచేసే ఒకాయన తండ్రి ఈ ఊళ్ళోనే ఉంటారు. తుపాకులు బాగుచేయడంలో తల నెరసిన మనిషి. నవంబరులో పద్నాలుగేళ్ళ మనమరాలిని తొలిసారి జింకవేటకు తీసుకువెడుతున్నామనీ, మమ్మల్నీ రమ్మనీ కబురుచేశారు.

"మేము శాకాహారులమండీ" అన్నాను.

"చూడడానికి అభ్యంతరం లేదు గదా!" అన్నారాయన.

మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంతో వేట అనేది కథల్లోకి వెళ్ళిపోయింది. అక్కడ అది లెక్క ప్రకారం సాగుతుంది. 1949లోగాని, ఆ తరువాతగాని పుట్టినవారెవరైనా సరే, వేటగాళ్ళ పాఠం చదివి పరీక్ష ప్యాసయితేనే లైసెన్సు. తుపాకులమీద, తూటాలమీద వసూలుచేసే ప్రత్యేక పన్ను 1937 నాటి చట్టం ప్రకారం అడవి జంతువుల పోషణకే పోతుంది. వేటాడిన మాంసాన్ని వృథా చేస్తే శిక్ష ఉంది.

ట్రినిడాడ్ కాలేజీలో తుపాకుల తయారీ, మరమ్మతు ఒక చదువు. రెండవ ప్రపంచయుద్ధం ముగిసిన కొత్తలో ఆ చదువు చెప్పినవాడు పి. ఓ. ఆక్లే. 1951 దాకా ఇక్కడ ఉండి, తరువాత సాల్ట్‌లేక్ సిటీకి మారాడు. మా పెద్దాయనకు పని నేర్పిన గురువు ఆక్లే శిష్యుడట. మన సంగీత విద్వాంసులు గురుపరంపర చెప్పుకున్నట్టే ఆయన ఆ మాట చెప్పుకున్నారు.

ఈ ఆక్లే పేరు "వైల్డ్‌కాట్" తూటాలతో ముడిపడి ఉన్నది. వైల్డ్‌కాట్ అంటే అడవిపిల్లి. తూటా అంటే ఒక ఇత్తడి గొట్టం, దాని అడుగున నిప్పు పుట్టించే చిన్న కేపు, లోపల మందు, మూతిలో బిగించిన గుండు. గొట్టానికి సీసాకు ఉన్నట్టే భుజమూ మెడా ఉంటాయి. కంపెనీవారు చేసిన గొట్టం మెడను సన్నం చేసో, వెడల్పు చేసో, భుజాన్ని మార్చో, ఏ కంపెనీ జాబితాలోనూ లేని తూటాను ఇంట్లో తయారుచేసుకుంటే అది అడవిపిల్లి.

1906లో అమెరికా సైన్యం చేపట్టిన '30-06' తూటా ఇలా ఎన్నిటికో తల్లి. దాని మెడను అంగుళంలో నాలుగోవంతుకు కుదిస్తే '25-06' పుట్టింది. దాదాపు యాభై ఏళ్ళు అది ఔత్సాహికుల ముచ్చటగానే ఉండి, 1969లో రెమింగ్టన్ కంపెనీ చేతిలో ఇంటిపిల్లి అయింది. అన్నీ అంత బుద్ధిగా ఉండవు. పెద్ద జంతువులకోసం చేసిన వెదర్బీ తూటా మెడను చిటికెనవేలంత గుండుకు సరిపడా కూడా లేకుండా నొక్కి, ఆక్లే ఒక వింత తూటా చేశాడు. సెకనుకు 5,000 అడుగుల వేగం అందుకోవాలని పందెం. 4,600 దాకా వచ్చింది. దానికి "ఇయర్‌గెస్ప్లిటెన్ లౌడెన్‌బూమర్" అని వేళాకోళపు జర్మన్ పేరు పెట్టారు. "చెవులు చిల్లులుపడే పెనుమోత" అని మనం అనుకోవచ్చు.

"మీ మనమరాలికి అలాంటిదేనా?" అని అడిగాను.

పెద్దాయన నవ్వి, బీరువాలోంచి ఒక పాత రైఫిలు తీశారు. దాని తూటా వంశం చెబుతుంటే నాకు చుట్టరికం కలిసినట్టయింది. మూలం 7 మిల్లీమీటర్ల మౌజరు తూటా. చంపావత్ పులిని చంపినందుకు జిమ్ కార్బెట్‌కు 1907లో బహూకరించిన రిగ్బీ రైఫిలు కాల్చేది ఈ తూటానే. దాని మెడను సన్నంచేసి నెడ్ రాబర్ట్స్ అనే అమెరికన్ తన తూటా చేసుకున్నాడు. 1934లో కంపెనీవారు దాన్ని '257 రాబర్ట్స్' పేరుతో అమ్మకానికి పెట్టారు. ఆక్లే మళ్ళీ దాని గోడలు నిటారు చేసి, భుజాన్ని 40 డిగ్రీలకు మలిచాడు. రాబర్ట్స్ తూటాను ఈ రైఫిలులో పేల్చితే చాలు, వేడికీ ఒత్తిడికీ ఇత్తడి సాగి కొత్త ఆకారం తీసుకుంటుంది.

ఎంపికకు కారణాలు ఆయన వేళ్ళమీద లెక్కించారు. కొలరాడో చట్టం ప్రకారం జింకకు అంగుళంలో వందకు 24 పాళ్ళకన్న సన్నని గుండు పనికిరాదు. కనుక 22 రకం అడవిపిల్లులు, ఎంత వేగమైనవైనా, వద్దు. '30-06' చాలు, కాని భుజాన్ని గట్టిగా తంతుంది. తన్నుకు భయపడ్డ పిల్ల మీట నొక్కేటప్పుడు కళ్ళు మూసుకుంటుంది. అప్పుడు గుండు గుండెకు కాక పొట్టకు తగులుతుంది. జింక పొదల్లోకి పోయి రాత్రంతా బాధపడి చస్తుంది.

"మరి మామూలు రాబర్ట్స్ చాలదా?"

"చాలు. ఆక్లే మార్పు వల్ల వచ్చే లాభం గోరంత. గొట్టాలు ఎక్కువకాలం మన్నుతాయి, వేగం కాస్త పెరుగుతుంది. జింకకు ఆ తేడా తెలియదు. గురి తప్పితే మాత్రం తెలుస్తుంది."

ఆ రాత్రి తూటాలు నింపడం చూశాను. రేడియో కట్టేశారు. బల్లమీద ఒకటే మందు డబ్బా. రెండోది ఉంటే పొరపాటుకు తావు. పాత గొట్టానికి చమురు రాసి, అచ్చులో పెట్టి, మన జంతికల గిద్దె నొక్కినట్టు పిడి నొక్కారు. పాత కేపు ఊడిపడింది, మెడ సరిగా బిగిసింది. కొత్త కేపు కూర్చి, మందు తూచారు. ఆ తూనిక గ్రెయిన్లలో. గ్రెయిన్ అంటే గింజే, పౌనుకు 7,000. మన కంసాలి గురువింద గింజ సుమారు రెండు గ్రెయిన్లు తూగుతుంది. అందులో పదోవంతు తేడా వచ్చినా మనమరాలు మందు వెనక్కు పోసి మళ్ళీ తూచింది. కొత్త తూటాకు తక్కువ మందుతో మొదలుపెట్టి, కొద్దికొద్దిగా పెంచుతూ, పేలిన కేపు చదునుదేరుతున్నదా, గడియ బిగుస్తున్నదా అని చూసుకోవాలి. ఆక్లే ఎన్నో రైఫిళ్ళను కావాలనే పగిలేదాకా పరీక్షించాడు. అన్నిటికన్న గట్టిగా నిలిచింది జపాను అరిసాకా! ఆ పరీక్షలు తెలిసిన మనిషి గనుక పెద్దాయన పైహద్దుకు చాలా కిందనే ఆగిపోయారు. గుండ్లు రాగివి. సీసపు తునకలు పడిన పేగులు తిని గద్దలు చస్తాయని సీసం మానేశారట.

నూరు గజాల దూరాన ఆ అమ్మాయి కాల్చిన మూడు చిల్లులను మన రూపాయిబిళ్ళ కప్పేసింది. అయినా తాతగారు ఆమెకు 200 గజాల హద్దు పెట్టారు.

మరునాటి సాయంత్రం కొండవాలున కూర్చున్నాము. దూరానికి కనబడేటట్టు నారింజరంగుగాని, ముదురు గులాబిరంగుగాని వేసుకోవాలని చట్టం. అమ్మాయి గులాబి ఎంచుకుంది. సూర్యుడు దిగాక ఎదుటి వాలుమీద మగజింక వచ్చి నిలిచింది. కంచరగాడిద చెవులవంటి పెద్ద చెవులు, కొమ్మలుకొమ్మలుగా కొమ్ములు. దూరం కొలిచే దుర్భిణిలో 340 గజాలు. అమ్మాయి చాలాసేపు గురిచూసింది. నేను ఊపిరి బిగబట్టాను. ఆమె వేలు తీసేసి, "తాతా, దూరం" అంది. ఆయన "సరే" అని లేచి దులుపుకున్నారు. జింక మేస్తూ చెట్లచాటుకు పోయింది.

రెండోనాటి తెల్లవారుజామున నేను వెళ్ళలేదు. చలికి మోకాళ్ళు సహకరించలేదు. తొమ్మిది గంటలకు వాళ్ళు తిరిగివచ్చారు. 140 గజాలు, ఒక్కటే గుండు. నాలుగడుగులు వేసి పడిపోయిందట. అమ్మాయి ముఖంలో సంతోషమూ ఉన్నది, ఏడ్చిన చారలూ ఉన్నవి. మధ్యాహ్నమంతా తాతా మనమరాలూ మాంసం కోసి, కాగితాల్లో చుట్టి, తేదీ వేసి ఫ్రీజరులో సర్దారు.

ఇత్తడి గొట్టం ఒక్కటి కూడా పారెయ్యని మనిషి ఆయన. ఒక్కొక్కదాన్ని ఐదారుసార్లు నింపుతారు. ఆ ఉదయం పేలినదాన్ని మాత్రం డబ్బాలో వెయ్యక, తుడిచి, మనమరాలి చేతిలో పెట్టారు.