మా పెరటి కొలిమి

ఇరవై యేళ్ళుగా ఫైళ్ళతో తప్ప నిప్పుతో పనిలేని గుమాస్తాలం మేము. మేము పెరట్లో కొలిమి కట్టామంటే బెంగుళూరులోని మన బంధువులు నవ్వితే నవ్వవచ్చును.

గ్రైండరు పుల్లీ విరిగిందన్నది నెపం. డిప్లొమా చదువుతున్న మా పెద్దవాడు, "అల్యూమినియం కరిగించి మనమే పోసుకుందాం నాన్నా" అన్నాడు. ఎస్.పి. రోడ్డులో పాత బ్లోయరొకటి, రాజమండ్రి గ్రాఫైటు మూస ఒకటి కొన్నాము. పాత ఇనుప బకెట్టు లోపల ఫైర్‌క్లేలో వరి ఊక కలిపి రెండంగుళాల మందాన మెత్తాము. ఊక కాలిపోయిన చోట గుల్లలు పడతాయి. వాటిలోని గాలి వేడిని బయటికి పోనివ్వదు. ఇది మనవాళ్ళకు కొత్త గాదు. నిజామాబాదు వైపు కోనసముద్రంలో ఉక్కు కరిగించిన మట్టిమూసల్లోనూ ఊక ఉండేది. వారం రోజులు ఆరబెట్టి, సన్నని మంటతో కాల్చాము.

అల్యూమినియం 660 డిగ్రీలకు కరుగుతుంది. పగటి వెలుతురులో ఎర్రగా కనబడదు, పాలలాగా తెల్లగా ఉంటుంది. చూస్తే చల్లగా ఉన్నదేమో అనిపిస్తుంది. అదే మోసం.

ఇసుక అచ్చు నిలవక విరుగుతుంటే మేమే చెంబెడు నీళ్ళు చల్లాము. "తడి యెక్కువైంది నాన్నా, రేపు పోద్దాం" అన్నాడు వాడు. మబ్బు పట్టి ఉంది. మర్నాడు సోమవారం, మాకు ఆఫీసు. "ఫరవాలేదు, పొయ్యి" అన్నాము. నీరు ఆవిరైతే దాదాపు 1,700 రెట్లు విస్తరిస్తుందని మెట్రిక్కులేషనులో చదివి మార్కులు తెచ్చుకున్నవాళ్ళమే!

అచ్చు టప్పున పేలింది. లోహం చిమ్మి వాడి కాలిపైన రూపాయి బిళ్ళంత కాలింది. వాడు బతిమాలి పెట్టించిన కళ్ళద్దాలు లేకపోతే యీ వ్యాసం మరొకరి చేత వ్రాయించవలసి వచ్చేది.

వాళ్ళ అమ్మ పరుగెత్తుకు వస్తే, "నాకే ఇసుక కుదరలేదమ్మా" అన్నాడు. మేము నోరు మెదపలేదు.

నెల తరువాత మళ్ళీ పోశాము. ఈసారి గుప్పిట పిసికితే ఉండ కట్టి, విరిస్తే శుభ్రంగా రెండయ్యేటంత తడి మాత్రమే పెట్టాము. సిమెంటు నేల మీద లోహం పడితే అదీ పేలుతుందని తెలిసి, కింద పొడి ఇసుక పరిచాము. పుల్లీ వచ్చింది. కొంచెం వంకరగా తిరుగుతుంది గాని పిండి రుబ్బుతోంది.

నీళ్ళు చల్లిన సంగతి మాత్రం యింట్లో యింతవరకూ చెప్పలేదు. ఈ పత్రిక మా యింట్లో ముందు చదివేది ఆవిడే.