రెండు స్పీకర్లు... మధ్యలో ఘంటసాల!

"శ్లాబు కారుతుంటే స్పీకర్లేమిటండీ?" అంది అత్తయ్య.

మావయ్య జవాబు చెప్పలేదు. సంచిలో పంచె, తువ్వాలు, ఒక టేపు (పాటల టేపు కాదు, అడుగులు కొలిచే టేపు) పెట్టుకుని నావైపు చూశాడు. "పదరా అల్లుడూ!" అన్నాడు.

అలా బయల్దేరాం మద్రాసుకి!

మా మావయ్యని మీకు పరిచయం చెయ్యాలి. తెనాలి దగ్గర ఒక చిన్న వూళ్ళో ముప్ఫై అయిదేళ్ళు సినిమా హాల్లో ఆపరేటర్. కార్బన్ కడ్డీల వెలుగులో బొమ్మ వేసిన రోజులనుంచి, రీళ్ళు పోయి డిజిటల్ పెట్టె వచ్చిన రోజుదాకా ఆ కేబిన్‌లోనే వున్నాడు. తర్వాత హాలు కల్యాణ మంటపం అయింది. మావయ్య ఇంట్లో కూర్చున్నాడు. డెబ్భై నిండగానే డాలస్‌లో వున్న కొడుకు డబ్బు పంపించి, "నాన్నా, జన్మంతా పరాయి హాల్లో పాటలు విన్నావు. ఇప్పుడు నీ ఇంట్లో, నీ స్పీకర్లలో విను" అన్నాడు.

మామూలు స్పీకర్లు కాదు. 'ఫ్లోర్‌స్టాండింగ్' అంటారే... బల్లమీద పెట్టక్కర్లేకుండా నేలమీద తమంతట తాము నిలబడేవి. మూడున్నర అడుగుల పొడుగు, ముప్ఫై కిలోల బరువు. జత ధర లక్షల్లో! ఆ లక్షల్లో కొంత శ్లాబుకి పోతే బాగుండునని అత్తయ్య బాధ. అందులోనూ న్యాయం వుంది. గత వర్షాలకి ముందు గదిలో మూడు చోట్ల గిన్నెలు పెట్టుకున్నారు మరి!

పినాకినిలో ఒక రహస్యం

పొద్దున్నే తెనాలిలో పినాకిని ఎక్కాం. హైదరాబాద్‌లో ఇంతకంటే పెద్ద షోరూములున్నాయి కదా, మద్రాసే ఎందుకని అడిగాను.

"పాట ఎక్కడ పుట్టిందో అక్కడికెళ్ళి కొనుక్కుంటే ఓ తృప్తి" అన్నాడు మావయ్య. నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

నెల్లూరు దాటాక జేబులోంచి మడతపెట్టిన కాగితం ఒకటి తీసి చూపించాడు. గుంటూరులో చెవి డాక్టరు ఇచ్చిన గ్రాఫ్. గీత కొంతదూరం బల్లపరుపుగా వెళ్ళి, ఆ తర్వాత జారుడుబండలా కిందికి జారిపోయింది.

"మీ అత్తయ్యకి చెప్పకు. సన్నటి శబ్దాలు నాకు సరిగ్గా వినిపించడం లేదురా. గజ్జెలు, తాళాలు, వయొలిన్ చివర వచ్చే ఆ జిలుగు... పోయాయి. మిగిలింది కూడా ఎన్నాళ్ళుంటుందో! ఈలోగా వినాలి."

నాకు నోట మాట రాలేదు. మనిషి చెవి 20 నుంచి 20 వేల హెర్ట్జ్ దాకా వింటుందని పుస్తకాల్లో చదువుకుంటాం. అది పసివాళ్ళ చెవి. వయసు పైబడేకొద్దీ ముందుగా పోయేది పైన వుండే సన్నటి శబ్దాలే. అటువంటి చెవికి లక్షల స్పీకర్లెందుకని అత్తయ్య అడిగితే ఏం చెప్పాలి? నా దగ్గరైతే సమాధానం లేదు.

రిచీ స్ట్రీట్... వడపళని

మద్రాసు సెంట్రల్ స్టేషన్‌కి 2019లో ఎం.జి.ఆర్. పేరు పెట్టారు. సినిమా హీరో పేరున్న స్టేషన్లో దిగడం సినిమా వాళ్ళకి అచ్చొస్తుందన్నాడు మావయ్య. తను సినిమా వాడే అని ఆయన గట్టి నమ్మకం. అవును మరి, ఆయన బొమ్మ వెయ్యకపోతే హీరో ఎక్కడ?

ముందుగా మౌంట్ రోడ్డు పక్కనున్న రిచీ స్ట్రీట్‌కి తీసుకెళ్ళాడు. పేరుకి వీధి. నిజానికి సందుల్లో సందులు. వైర్ల చుట్టలు, సర్క్యూట్ బోర్డులు, సెల్‌ఫోను భాగాలు, వరసగా వేలాడదీసిన స్పీకర్ కోనులు... ఒకప్పుడు హాల్లో స్పీకరు చిరిగితే రాత్రి రైల్లో వచ్చి, ఇక్కడ బాగుచేయించుకుని, మర్నాడు ఫస్ట్ షోకి అందించేవాడట.

"తెరమీద సన్నసన్నటి చిల్లులుంటాయి, ఎప్పుడైనా చూశావా?" అని అడిగాడు. చూడలేదు. మీలో ఎంతమంది చూశారు? ఆ చిల్లుల వెనకాల స్పీకరుంటుంది. అందుకే సావిత్రి మాట్లాడితే మాట సావిత్రి పెదవుల దగ్గర్నుంచే వస్తుంది! 1986లో 'సింహాసనం' వచ్చింది. తెలుగులో మొట్టమొదటి 70 ఎం.ఎం. బొమ్మ, ఆరు ట్రాకుల స్టీరియోఫోనిక్ సౌండ్. మావయ్య సెలవు పెట్టి విజయవాడ వెళ్ళి చూసొచ్చాడు. గుర్రాలు ఎడమనుంచి కుడికి పరిగెడుతుంటే కుర్చీలో వెనక్కి తిరిగి చూశాడట. ఆ రోజునుంచీ పట్టుకుంది ఈ స్టీరియో పిచ్చి.

సాయంత్రం మెట్రోలో వడపళని వెళ్ళాం. విజయా వాహినీ స్టూడియో వుండిన చోటు చూడాలన్నాడు. ఆసియాలోనే పెద్ద స్టూడియోల్లో ఒకటనిపించుకున్న చోట ఇప్పుడు ఆస్పత్రి వుంది, మాల్ వుంది. మాల్ ముందు కుర్రకారు సెల్ఫీలు తీసుకుంటున్నారు. మావయ్య ఆ అద్దాల గోడకేసి చాలాసేపు చూశాడు. "మాయాబజార్ తీసింది ఇక్కడే. 1957. నేను ఎన్నిసార్లు వేశానో లెక్కలేదు" అన్నాడు.

అక్కడికి దగ్గర్లోనే ప్రసాద్ స్టూడియో. ఇళయరాజా నాలుగు దశాబ్దాల పైన పాటలు కట్టిన గది అందులోనే వుండేది. 2020 చివర్లో ఆయన ఖాళీ చేసి, 2021లో సొంత స్టూడియో పెట్టుకున్నారు. మేం గేటు బయటినుంచే చూసి వచ్చేశాం. ఆ రాత్రి లాడ్జీలో మావయ్య సెల్‌ఫోన్లో పాటల జాబితా రాసుకున్నాడు. మూడే పాటలు.

ఇద్దరు ఇంగ్లీషు దొరలు

మర్నాడు పొద్దున షోరూము. ఏసీ చల్లదనం, మెత్తటి తివాచీ, మసక దీపాలు. చెప్పులు విప్పి లోపలికి అడుగుపెడితే గుళ్ళోకి వెళ్ళినట్టే వుంది. గర్భగుడిలో ఒక దేవుడు కాదు, రెండు జతల దేవుళ్ళు!

మొదటి జత బవర్స్ అండ్ విల్కిన్స్ 702 ఎస్3. ఈ కంపెనీ 1966లో ఇంగ్లండ్‌లోని వర్తింగ్‌లో పుట్టింది. లండన్ అబ్బే రోడ్ స్టూడియోలో పాటలు సరిచూసుకోవడానికి వీళ్ళ స్పీకర్లే వాడారు. దీనికి సన్నటి శబ్దాలు పలికే ట్వీటర్ పెట్టె నెత్తిమీద విడిగా, కిరీటంలా కూర్చుని వుంటుంది. కింద బేస్ కోసం మూడు కోనులు.

రెండో జత కెఫ్ ఆర్7 మెటా. ఈ కంపెనీ 1961లో కెంట్ జిల్లా మెయిడ్‌స్టోన్‌లో మొదలైంది. దీని తమాషా ఏమిటంటే ట్వీటర్ విడిగా వుండదు. గొంతు పలికే కోను నడిబొడ్డున, పువ్వులో పుప్పొడిలా కూర్చుని వుంటుంది. 1988 నుంచీ ఆ కంపెనీ పట్టు వదలకుండా నడిపిస్తున్న పద్ధతి ఇది. సన్నటి శబ్దం, గొంతు ఒకే చోటునుంచి బయల్దేరతాయి.

షోరూం కుర్రాడు ముందు కెఫ్ మీద, తర్వాత బవర్స్ మీద 'గీతాంజలి' పాట వేశాడు. ఇళయరాజా బేస్ గిటార్ నా పొట్టలో మోగింది! ఎడంపక్క వయొలిన్లు, కుడిపక్క ఇంకేవో... నేను తేల్చేశాను. "మావయ్యా, కిరీటం వున్నదే బాగుంది. ఇంక ఆలోచించకు."

మావయ్య కుర్రాడికేసి తిరిగి, "బాబూ, రెండూ ఒకే సౌండులో పెట్టావా?" అని అడిగాడు.

"వాల్యూం ముట్టుకోలేదు సార్. రెండిటికీ అదే నంబరు."

"అదేనయ్యా చిక్కు!"

విషయం ఏమిటంటే, అంతే కరెంటు ఇచ్చినా అన్ని స్పీకర్లూ అంతే బిగ్గరగా పలకవు. కంపెనీ కాగితాల్లో దీన్నే సెన్సిటివిటీ అంటారు. ఆర్7కి 88 డెసిబెళ్ళు, 702కి 90. రెండేగా అనుకోకండి. యాంప్లిఫైయర్ ఒకటిన్నర రెట్లు పైన పవర్ పెడితేగానీ ఆ రెండూ పూడవు. కాస్త బిగ్గరగా వున్నది మన చెవికి ఎప్పుడూ "బాగున్నట్టే" అనిపిస్తుంది. అందులో కుర్రాడి మోసం లేదు, మన చెవి బలహీనత వుంది. సౌండు సరిచేసి మళ్ళీ వేశాడు. ఈసారి ఏది బాగుందో నాకు నిజంగా తెలియలేదు. చెంపలేసుకున్నాను.

మూడో మనిషి

అప్పుడు మావయ్య తన అసలు పరీక్ష బయటికి తీశాడు. మాయాబజార్‌లో పడవ పాట. ఘంటసాల, లీల. స్టీరియోగా మార్చింది కాదు, పాత మోనో కాపీ.

కుర్రాడు ఆశ్చర్యపోయాడు. "సార్, ఇంత మంచి స్టీరియో మీద మోనో పాటా?"

"హాల్లో అయితే తెర వెనకాల నడిమధ్య స్పీకరుంటుంది బాబూ. ఇంట్లో మధ్యలో ఎవరూ వుండరు. ఇటొకటి, అటొకటి... అంతే. మోనో పాటలో రెండిటికీ ఒకే శబ్దం వెళ్తుంది. రెండూ సరిగ్గా జతకుదిరితే, ఎవరూ లేని ఆ నడిమధ్య ఘంటసాల వచ్చి నిలబడాలి. రాలేదంటే స్పీకరన్నా తప్పు, పెట్టిన చోటన్నా తప్పు."

పాట మొదలైంది. ఘంటసాల వచ్చాడు గానీ కొంచెం ఎడమకి జరిగి నిలబడ్డాడు. మావయ్య లేచి టేపు తీసి కొలిచాడు. ఎడమ స్పీకరు గోడకి దగ్గరగా, కుడిది దూరంగా వుంది. కుర్రాడూ నేనూ కలిసి రెండు జతలూ జరిపాం. నడుం పట్టేసింది! స్పీకర్ల మధ్య ఎంత దూరమో మావయ్య కుర్చీకి, ఒక్కో స్పీకరుకి మధ్య కూడా దాదాపు అంతే దూరం వుండేలా ముక్కోణం కుదిర్చాం. అంతే, రెండు జతల్లోనూ ఘంటసాల మధ్యకి వచ్చేశాడు. పక్కనే లీల.

రెండూ గొప్పవే. మరి ఏది కొనాలి?

"మన గది పన్నెండు పద్నాలుగు" అన్నాడు మావయ్య. పద్నాలుగడుగుల గదిలో సుమారు 40 హెర్ట్జ్ దగ్గర శబ్దం ఈ గోడకీ ఆ గోడకీ మధ్య ఊగిసలాడి ఊగిసలాడి పెద్దదై కూర్చుంటుంది. ఇంత పెద్ద స్పీకర్ల బేస్ ఆ గదిలో పోస్తే పాట కాదు, గుమగుమ మోత మిగులుతుంది. గాలి వచ్చే రంధ్రంలో కుక్కడానికి ఫోం బిరడాలు పెట్టెలోనే ఇస్తారనుకోండి. కానీ బిరడా పెట్టుకోవడానికి ఇంత పెద్దది కొనడమెందుకు?

కుర్రాడు కాసేపు ఆలోచించి పక్క గదిలోంచి ఇంకో జత చూపించాడు. ఆర్7కి తమ్ముడు, ఆర్5 మెటా. గొంతు పలికే కోను అదే, పుప్పొడి అదే. కింది బేస్ కోనులు మాత్రం చిన్నవి. ధర కూడా తక్కువ. మళ్ళీ పడవ పాట వేశారు. మావయ్య కళ్ళు మూసుకున్నాడు.

నేను పాట వినలేదు. ఆయన మొహమే చూస్తూ కూర్చున్నాను. గ్రాఫులో గీత జారిపోయింది పైన. ఘంటసాల గొంతులోని నిండుదనం ఎక్కువగా వుండేది కింద. అక్కడ గీత ఇంకా బల్లపరుపుగానే వుంది! రైల్లో నాకు దొరకని సమాధానం ఇదే. పోయినదాని కోసం కాదు, మిగిలినది పూర్తిగా వినడం కోసం వచ్చాడు ఆయన.

కళ్ళు తెరిచి, "ఇదిచ్చెయ్. కానీ ఇప్పుడే పంపకు. రెండు నెలలాగు" అన్నాడు.

"ఎందుకు సార్?"

"శ్లాబు బాగుచేయించాలి. పెద్దన్నకీ తమ్ముడికీ మధ్య మిగిలిన డబ్బు దానికే."

అత్తయ్య తీర్పు

శ్లాబు పని వానలకి ముందే పూర్తయింది. స్పీకర్లు దిగిన రోజు నేనూ వెళ్ళాను. వెనక గోడకి రెండడుగులు ఎడంగా పెట్టి, కిటికీకి మందపాటి తెర కట్టి, నేలమీద తివాచీ పరిచాం. అత్తయ్య పొయ్యి దగ్గర్నుంచి రాలేదు. "మీరూ మీ స్తంభాలూ!" అని అక్కణ్ణుంచే కేకేసింది.

మావయ్య పడవ పాట పెట్టాడు. బయట సన్నగా వాన.

కాసేపటికి అత్తయ్య చేతులు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చింది. ఎడమ స్పీకరు చూసింది, కుడి స్పీకరు చూసింది. మెల్లగా వచ్చి మావయ్య పక్కనే కూర్చుని ఓ నిమిషం విని, లేచి సరిగ్గా ఆ రెండిటి మధ్యకీ వెళ్ళి, తెర పైకెత్తి వెనకాల తొంగిచూసింది.

"ఏమండీ, మూడోది ఎక్కడ పెట్టారు?"

మావయ్య నావైపు చూశాడు. ముప్ఫై అయిదేళ్ళు వంద రోజుల బోర్డులెన్నో చూసిన మనిషి ఆయన. ఆ నవ్వు మాత్రం నేనెప్పుడూ చూడలేదు!

కనుక పాఠకులారా, మీరెప్పుడైనా ఇలాంటి స్పీకర్లు కొనబోతే మీ పాట మీరే తీసుకెళ్ళండి. సౌండు సమానం చేయించండి. మీ గది కొలతలు జేబులో పెట్టుకోండి. అన్నిటికంటే ముందు, ఇంటి శ్లాబు ఓసారి చూసుకోండి!