జీటీ రోడ్డు మీద సార్క్

బంగ్లాదేశ్ నుంచి కాబూల్ దాకా సాగే గ్రాండ్ ట్రంక్ రోడ్డు దక్షిణాసియా సహకార కూటమి సార్క్‌లోని నాలుగు దేశాల్ని కలుపుతుంది, మ్యాపులో. సార్క్‌కు ఏమైందో తెలియాలంటే గాజియాబాద్ నుంచి పానిపట్ వరకున్న ముక్క చాలు.

హిండన్ నది దాటి మోహన్ నగర్ వైపు వస్తుంటే కుడిచేతి పక్క, కాస్త లోపలికి, వైమానిక స్థావరం. 2024 ఆగస్టు 5న, గద్దె దిగిన బంగ్లాదేశ్ ప్రధాని షేక్ హసీనా వచ్చి దిగింది ఇక్కడే. ఆశ్రయమిచ్చిన ఢిల్లీ మీద కోపం ఢాకా నాయకులకు రాజకీయ పెట్టుబడి అయింది. మన ఎన్నికల సభల్లో ‘చొరబాటుదారు’ అన్న మాట ఎప్పట్నుంచో అలాంటి పెట్టుబడే. 2025 జూన్‌లో బంగ్లాదేశ్ అధికారులు కున్మింగ్‌లో చైనా, పాకిస్తాన్‌లతో కూర్చుంటే చైనా లాగేసుకుందన్నాం. సార్క్‌ను మళ్లీ నిలబెడదామని పదే పదే అడిగిందీ హసీనా తర్వాత ఢాకాలో వచ్చిన ఆ యూనస్ తాత్కాలిక ప్రభుత్వమే. ఢిల్లీ పట్టించుకోలేదు.

షాహ్‌దరా ఇరుకులోంచి బయటపడి, 1866 నాటి ఇనుప వంతెన మీద యమున దాటితే పాత ఢిల్లీ స్టేషన్. లాహోర్ వెళ్లే సంఝౌతా ఎక్స్‌ప్రెస్ ప్రయాణికులు ఇక్కడే రైలెక్కేవారు. 2019 ఆగస్టుతో ఆ ప్రయాణం ఆగిపోయింది. ఆజాద్‌పూర్ మండీ, సింఘూ, ముర్తల్ దాటేద్దాం. పరాఠా తినేవాళ్లు ముర్తల్‌లో దిగొచ్చు.

పానిపట్‌కు కాస్త ముందు దివానా. 2007 ఫిబ్రవరి 18 రాత్రి ఇక్కడే సంఝౌతా రైల్లో బాంబులు పేలి 68 మంది చనిపోయారు, ఎక్కువమంది పాకిస్తానీలు. రెండు రోజులకే పాక్ విదేశాంగ మంత్రి కసూరీ ఢిల్లీ వచ్చారు. 21న అణ్వాయుధ ప్రమాదాల ముప్పు తగ్గించే ఒప్పందం కుదిరింది. ఏప్రిల్‌లో ఢిల్లీలోనే సార్క్ సభ జరిగింది. అఫ్గానిస్తాన్ ఎనిమిదో సభ్యదేశమైంది. ఇప్పుడు మైదాన్ గఢీలో ఉన్న దక్షిణాసియా విశ్వవిద్యాలయానికి ఒప్పందం అప్పటిదే.

చనిపోయింది ఎక్కువగా పాకిస్తానీలే కాబట్టి అప్పుడు సభ ఆగలేదు అనొచ్చు. మరి ముంబయి దాడుల తర్వాతా థింఫూలో 2010లో, అడ్డూలో 2011లో సభలు జరిగాయి. అంతకు ముందు, బాబ్రీ కూల్చివేతతో వాయిదాపడ్డ ఢాకా సభకు 1993 ఏప్రిల్‌లో పి.వి. నరసింహారావు వెళ్లారు, సాప్టా వాణిజ్య ఒప్పందం అక్కడ కుదిరింది. 2016లో ఉరీ దాడి తర్వాత మాత్రం భారత్ రాననడంతో ఇస్లామాబాద్ సభ రద్దయింది. 2014 కాఠ్మాండూ సభే ఆఖరుది. దాడుల తీవ్రతలో తేడా కంటే, రానని చెప్పడమే సొంతూళ్లో చప్పట్లు తెచ్చే పని కావడం ఇందుకు పెద్ద కారణమని నా లెక్క. సార్క్ నిబంధనలూ దానికే పనికొచ్చాయి: అందరూ ఒప్పుకుంటేనే నిర్ణయం, ఇద్దరి మధ్య తగాదా చర్చకు రాకూడదు. అక్కడ నోరెత్తని తగాదా మైకుల ముందుకొచ్చింది.

పానిపట్ దాటాక రోడ్డు పాక్ సరిహద్దులోని అటారీకి పోతుంది. 2025 ఏప్రిల్‌లో పహల్గాం దాడి మర్నాడు అక్కడి చెక్‌పోస్టు మూసివేతను ప్రకటించారు. 1992 నుంచి ఉన్న సార్క్ వీసా మినహాయింపును పాకిస్తానీలకు రద్దు చేసిందీ ఆ రోజే.