పారణ లేని ఉపవాసము

వడమాలపేట మండలమందలి అప్పలాయగుంటలో అభయహస్తముతో వెలసిన ప్రసన్న వేంకటేశ్వరుని సేవించి తిరుపతికి సాగు భక్తులలో, తిరుమలలో తులాభారపు మ్రొక్కు తీర్చుకొనువారును ఉందురు. త్రాసున ఒక పళ్ళెమందు బిడ్డ కూర్చుండును. రెండవ దానియందు బెల్లమో, బియ్యమో, నాణెములో. బిడ్డ బరువు తలచినదానికన్న ఎక్కువైనచో తల్లి సంతసించును, మరికొంత బెల్లము వేయింతురు. ఆ త్రాసు చెంత దేహమును తగ్గించుకొనవలెనను తలంపు ఎవ్వరికిని రాదు.

క్రీడారంగమున వేరొక త్రాసు కలదు. బరువును బట్టి యోధులను విభజించుట దోషము కాదు, ధర్మమే. కంసుని మల్లరంగమున చాణూర ముష్టికులకు ఎదురుగా బాలురైన రామకృష్ణులు నిలిచినపుడు, ఇది అధర్మమని మధురాపురస్త్రీలు విలపించినట్లు భాగవత దశమస్కంధము తెలుపుచున్నది. సమబలులతోనే క్రీడింతుమని శ్రీకృష్ణుడు చాణూరునితో ముందుగానే పలికెను. నేటి 50 కిలోలు, 53 కిలోలు అను తరగతులకు మూలమైన న్యాయమిదియే. అయితే మానవబుద్ధి దానికొక ఉపాయము కనుగొన్నది: తూకపు వేళకు మాత్రము దేహమును ఎండగట్టి, తనకన్న చిన్నవారి తరగతిలో ప్రవేశించుట. ప్రత్యర్థియు అదే చేయును గనుక తుదకు ఇరువురికిని మిగులునది దాహమే.

మిశ్రమ యుద్ధకళలలో, అనగా ఎం.ఎం.ఏ. పోటీలలో, తూకము సాధారణముగా ముందునాడే జరుగును. యోధులు నీరు మానివేసి, ఆవిరిగదులలో చెమటోడ్చి, తూకము కాగానే నీటిని తిరిగి నింపుకొందురు. చెమటతో పోవునది కొవ్వు కాదు, రక్తమునకు ఆధారమైన జలము. 2015 డిసెంబరులో మనీలాలో యాంగ్ జియాన్ బింగ్ అను 21 ఏండ్ల చైనా యోధుడు ఈ ప్రయత్నములోనే మరణించెను. పిమ్మట ఆ పోటీలను నడపు వన్ ఛాంపియన్‌షిప్ సంస్థ, దేహమందలి నీటిని హరించి బరువు తగ్గుటను నిషేధించి, మూత్రపరీక్షను విధించినది. త్రాసు చూడలేనిదానిని చూచు ప్రయత్నమది, ఆలస్యమైనను ఉచితమే.

కుస్తీలో 2018 నుండి పోటీ జరుగు రెండు దినములందును ఉదయమే తూచు నియమము వచ్చినది. తగ్గించి పెంచుకొను ఆటను ఆపుటయే దాని ఉద్దేశము. ఫలితము పారిస్‌లో తేలినది. 2024 ఆగస్టు 6న వినేశ్ ఫోగాట్ సుసాకి మొదలగు ముగ్గురిని జయించి అంతిమపోరునకు చేరినది. ఆ సాయంకాలము ఆమె బరువు పరిమితికి 2.7 కిలోలు మించియున్నది. రాత్రియంతయు వ్యాయామము, ఆవిరిస్నానము; కేశములను సైతము కత్తిరించిరి. ఉదయమున 100 గ్రాములు మిగిలెను. ముందునాటి విజయములన్నియు లెక్కకు రాక ఆమెకు చివరి స్థానము దక్కెను. అప్పీలును 14వ తేదీన తిరస్కరించిరి.

దంభముతో, శాస్త్రము విధింపని ఘోరతపస్సుతో దేహమందలి భూతములను కృశింపజేయువారిని గీత పదునేడవ అధ్యాయము ఆసురులని పేర్కొనును. ఆ మాటను ఈ క్రీడాకారిణిపై మోపుట తొందరపాటు. ఆమె కోరినది పతకమే గాని ఆత్మహింస కాదు. నియమమును అల్లినవారే ఆ శ్లోకములను చదువుకొనవలెను.

శాస్త్రవిహితమైన ఉపవాసమునందు భోజనము మానుట ఎంత విధియో, పారణయు అంతే విధి. దశమినాడు ఒకపూట భోజనము, ఏకాదశి ఉపవాసము, ద్వాదశి గడువక మునుపే పారణ. జలము, ఫలము, క్షీరము, ఔషధము వ్రతమును భంగపరుపవని ధర్మశాస్త్రము అశక్తులకు త్రోవ విడిచినది. దుర్వాసుడు స్నానమునకేగి ఎంతకును రాకపోగా ద్వాదశి దాటిపోవునని అంబరీషుడు కలతచెందెను. పెద్దల అనుమతితో కొంచెము నీరు స్వీకరించెను. అది భుజించినట్లును అగును, భుజింపనట్లును అగును. ముని శాపమునకన్న వ్రతము అసంపూర్ణమగుటకే ఆ రాజర్షి భయపడెను.

నిజామాబాదు బిడ్డ నిఖత్ జరీన్ రెండుమార్లు ప్రపంచ విజేత అయిన ముష్టియోధురాలు. పారిస్‌లో 50 కిలోల తరగతిలో దిగి, 2024 ఆగస్టు 1న చైనాకు చెందిన వూ యూ చేతిలో ఓడినది. రెండు దినములుగా ఆహారము లేదని, ఆనాటి తూకము ముగిసిన పిదపనే నీరు త్రాగితినని, కోలుకొనుటకు వ్యవధి చిక్కలేదని ఆమె ఓటమి అనంతరము విలేకరులతో పలికెను.