తొండుపల్లికి కాపురము మారుట

గడచిన జ్యేష్ఠమాసమున మా చెల్లెలి కాపురము చిక్కడపల్లి నుండి తొండుపల్లికి మారినది. మరిదికి శంషాబాదు విమానాశ్రయమున ఉద్యోగము. దినమునకు రానుపోను ఏబది కిలోమీటర్లు స్కూటరుపై తిరిగి తిరిగి అతని నడుము పట్టుకొనిపోయినది. ఆషాఢమున ఇల్లు మారరాదు. బడులా జూన్ నెలలో తెరచెదరు. అందుచేత కదలదలచిన వారందరును ఆ పదిహేను దినములలోనే కదలుదురు. లారీ కిరాయి కొండెక్కుటయు అప్పుడే.

బయలుదేరుటకు వారము ముందు చెల్లెలు నాకొక కాగితము చూపినది. క్రొత్త యింటికి రెండు నెలల అడ్వాన్సు 26,000, మొదటి నెల అద్దె 13,000, లారీకి 7,500. “అరువదివేలు కూడబెట్టితిమి గదా అక్కయ్యా, ఇంకను పదమూడు వేలయిదువందలు మిగులును” అని దాని సంతోషము. నేను మాటాడక ఇల్లు చూచుటకు వెంట పోయితిని.

మెహదీపట్నము నుండి ఆరాంఘర్ వరకు 2009లో తెరచిన పి.వి. నరసింహారావు ఎక్స్‌ప్రెస్ వే పదునొకండు కిలోమీటర్లకు పైబడిన వంతెన. కారున్నవారికి సుఖమే గాని, స్కూటర్లను దానిపైకి రానీయరు. ఆరాంఘర్ దాటి, బెంగుళూరు రహదారిపై గగన్‌పహాడ్, సాతంరాయి గడచినచో శంషాబాదునకు చేరువను తొండుపల్లి. 2008 మార్చిలో విమానములు బేగంపేట విడిచి ఇచ్చటికి వచ్చినది మొదలు ఈ ప్రాంతపు రూపమే మారినది. నగరమును చుట్టివచ్చు 158 కిలోమీటర్ల అవుటర్ రింగురోడ్డు ఊరి ప్రక్కనే పోవును. చేలుండినచోట మూడంతస్తుల అద్దె యిండ్లు లేచినవి. వాటి డాబాల నుండి చూచిన రహదారిపై కార్లు బారులు దీరి కనబడును. మరిది స్కూటరునకు మాత్రము ఆ దారియు నిషిద్ధమే.

సందు మొదట ఆకుకూరలమ్ము ముసలమ్మ మమ్ము చూచి పలుకరించినది. “ఇల్లు చూస్తున్నరా బిడ్డా? అన్ని దొర్కుతయి గని, తాగే నీళ్ళు కొనుక్కోవాలె.” ఇంటి యజమానురాలు అంతసేపు గాలిని, వెలుతురును పొగడినదే గాని నీటి మాట యెత్తలేదు. అడుగగా, వాడుకకు బోరు నీరున్నదనియు, త్రాగుటకు క్యానులు తెప్పించుకొనవలెననియు ఒప్పుకొన్నది. నెలకు 1,300 అని చెల్లెలు కాగితము వెనుక వ్రాసినది.

ఇక అమ్మాయి సంగతి. అది నారాయణగూడలో కాలేజీకి పోవును. 2023 డిసెంబరు 9 నుండి మహాలక్ష్మి పథకమున స్త్రీలకు సిటీ బస్సులు ఉచితము గనుక బస్సు ఖర్చు లేదు. బస్సు దిగినచోటి నుండి ఇంటివరకు గల దూరమే చిక్కు. ఉదయము పదిమందితో షేరు ఆటోలో రావచ్చును. ప్రొద్దు గుంకిన పిమ్మట? 2019 నవంబరులో ఈ తొండుపల్లి టోలుగేటు వద్ద మొదలైన ఆ దారుణమును మనలో మరచినదెవ్వరు? “నడచి వచ్చెదను పెద్దమ్మా, నాకేమి భయము” అని అమ్మాయి యన్నది. భయము దానికి లేకున్నను మాకున్నది. తెలిసిన ఆటోవానిని సాయంకాలమునకు నెలవారీగా కుదుర్చుకొంటిమి. ప్రొద్దుటి షేరు ఆటోతో కలిపి 2,900. పాల లెక్క వలెనే ఇదియు తప్పని లెక్క. మిగులుబాటు కొరకు దీనిని కొట్టివేయరాదని చెల్లెలితో ఒట్టు పెట్టించుకొంటిని.

మారిన నాడు లారీవారు 7,500 అని బేరమాడి, మూడవ అంతస్తనియు, బీరువా బరువనియు, ఆలస్యమైనదనియు మరి 2,300 గుంజిరి. మెట్ల సంగతి, పెద్ద సామానుల సంగతి ముందే చెప్పి కాగితముపై వ్రాయించుకొననిది మా తప్పు. ఇల్లు చూపిన దళారికి సగము నెల అద్దె 6,500. బల్బులు, కొళాయి, పరదాల కడ్డీలు, నీటి ఫిల్టరు విప్పి మరల బిగించుట, ఇట్టి పేరులేని ఖర్చులు 6,400. పాలు పొంగించిన నాటి పూజకును, వచ్చిన ముత్తైదువుల ఉపచారమునకును 1,500. మొత్తము 63,200 తేలినది. లోటు 3,200 నేనిచ్చితిని.

పాత యింటి అడ్వాన్సు 36,000 ఉన్నది గదా యందురేమో. ఆ సొమ్ము ఇల్లు ఖాళీ చేసి తాళము చేతికిచ్చిన పిమ్మటనే గాని రాదు. క్రొత్త యింటివారికో, ముందే కట్టవలెను. పైగా సున్నము, రంగుల పేరిట పాత యజమాని పదివేలు కోసికొనెను.

ఆ రాత్రి సామానుల నడుమ కూర్చుండి లెక్క చూచితిమి. తిరిగివచ్చు అడ్వాన్సును, ఎట్లును కట్టవలసిన అద్దెను విడిచినచో, మరల రాని ధనము రంగుల పదివేలతో కలిపి 34,200. అద్దెలో నెలకు 5,000, పెట్రోలులో 2,500 మిగులును. నీటికి, ఆటోలకు 4,200 పోవును. నికరముగా 3,300. అనగా మారిన ఖర్చు పూడుటకు పది నెలలు దాటవలెను. అద్దె ఒడంబడికయో పదునొకండు నెలలకే! ఏడాదికి మించిన కౌలుపత్రమును రిజిస్టరు చేయించవలెనని 1908 నాటి చట్టము; అందుచేత యజమానులందరును పదునొకండు నెలలకే వ్రాయుదురు. గడువు తీరగానే ఖాళీ చేయుమన్నచో చెల్లెలికి మిగులునది ఆయాసమే. మరునాడు పోయి యజమానురాలిని బ్రతిమాలి, ఇంకొక పదునొకండు నెలలు 500కు మించి పెంచక యుండనిచ్చునట్లు పత్రమున ఒక పంక్తి చేర్పించితిమి. ఆమె మొదట ముఖము ముడిచినను, మా చెల్లెలి అత్తగారిని చూచి మెత్తబడినది.

పాత యజమాని వద్ద నుండి 26,000 పదునాల్గవ నాడు వచ్చినవి. వద్దన్నను వినక చెల్లెలు అందులో నుండి మొదట నా 3,200 తీర్చి, మిగిలినది మరల ఇల్లు మారునప్పటికని వేరు ఖాతాలో వేసినది.