కడపటి అట్టు

మొన్న బీబీపేట అంగడిలో మేము అట్టు తింటిమి. ఇది పత్రికకెక్కదగిన విషయమా యని చదువరులు నవ్వవచ్చును. మా గృహిణి నవ్వనే నవ్వినది. తిన్నది రెండట్లు, వ్రాయుట నాలుగు పుటలు, అని ఆమె యాక్షేపణ. అయినను ఆ పొయ్యియొద్ద మేము చూచిన సంగతి యొకటి ఇల్లు చేరిన పిదపకూడ మమ్ము విడువకున్నది. అందుచేత వ్రాయుచున్నాము.

బీబీపేట దోమకొండకు పొరుగున నున్న యూరు. 2016 వ సంవత్సరము అక్టోబరు 11 వ తేదీన కామారెడ్డి జిల్లా యేర్పడినప్పుడు ఇది మండల కేంద్రమైనది. అంతకుముందు నిజామాబాదు జిల్లాలో దోమకొండ మండలమునకు చేరియుండెను. అచ్చట మా పెద్దమ్మగారి యిల్లు కలదు. ఆమె కాలు నొప్పితో మంచము పట్టినదని తెలిసి, డెబ్బదియేండ్లు దాటిన మా తల్లిని, గృహిణిని వెంటబెట్టుకొని పోయితిమి. పరామర్శ ముగిసి తిరిగివచ్చుచుండగా ఆనాడు అంగడి దినమని తెలిసినది. అంగడి యనగానే మా తల్లికి నొప్పులన్నియు మాయమగును. సంచి చేతబట్టి మాకంటె ముందు నడచినది.

వారపు టంగడిని గూర్చి పల్లెవారికి చెప్పనక్కఱలేదు. నేలపై పఱచిన పట్టాలమీద వంకాయలు, బీరకాయలు, గోరుచిక్కుడు. ఒక ప్రక్క ఎండుమిర్చి కుప్ప, దాని ఘాటునకు దగ్గుచు బేరమాడువారు. మఱియొక ప్రక్క గాజులు, ప్లాస్టిక్ బిందెలు. పండించినవారే తెచ్చి యమ్ముట ఇంకను కొంత మిగిలియున్నది. ఈ వరుసల చివర, వేపచెట్టు క్రింద, నాలుగు కఱ్ఱలపై పట్టా కట్టి దంపతులొకరు అట్లు పోయుచుండిరి. ముందొక బల్ల. ఆ బల్లపై ఎవరు ఎవరి ప్రక్కన గూర్చుండిరో అడిగినవాడు లేడు. మా తాతల నాడు ఈ బల్ల యూహింపరానిది. అంటరానితనమును 17 వ అధికరణము రద్దుచేసి, అంగళ్లలోను భోజనశాలలలోను జాతి పేర అడ్డగింపరాదని 15 వ అధికరణము శాసించిన రాజ్యాంగము 1950 జనవరి 26 న అమలులోనికి వచ్చినది. శాసనము వచ్చినంతనే బల్ల వచ్చెనని మేమనము. అది అంచెలంచెలుగ వచ్చినది, కొన్ని యూళ్లలో నింకను కుంటుచునేయున్నది. అయినను ఆ వేపచెట్టు క్రింది బల్ల చూచి మాకు సంతోషమైనది.

ఆమె అట్టు పోయుట చూడవలసినదే. పెనమును మా వైపు పెంక యందురు. పెంకపై నీళ్లు చిలుకరించును. అవి ముత్యములవలె గంతులు వేసి మాయమైనప్పుడు వేడి సరిపోయినదని గుర్తు. గరిటెడు పిండిని నడుమ పోసి, గరిటె యడుగుతోనే లోపలినుండి వెలుపలికి చుట్టలు చుట్టును. చేయి బరువైనచో పిండి చిరుగును, తేలికయైనచో దళసరియగును. నూనెచుక్కలు అంచువెంట వేసి, ఉల్లిముక్కలు, జీలకఱ్ఱ చల్లును. అంచు తనంతట తాను లేచువఱకు అట్లకాడ ముట్టదు. ఆ లేచుటకు ముందొక క్షణము తడి మెఱుపు పోయి పైభాగమంతయు సన్నని రంధ్రములతో నిండును. ఆ రంధ్రములు రాత్రి జరిగిన పని. మినపపప్పుతో వచ్చిన సూక్ష్మజీవులు నానిన పిండిలో పెరిగి, పులుపును వాయువును పుట్టించును. మినుముల జిగురు ఆ వాయువును పోనీక పట్టియుంచును. వేడి తగిలినప్పుడు బుడగలు పగిలి ఆ కన్నులు తెఱచును.

మేము మొదటి అట్టును నిలుచుండియే తింటిమి. పల్లీ చట్నీ, కారముగా. వేలు కాలినది, నాలుక కాలినది, ఆగలేదు. రెండవదానిని బల్లపై గూర్చుండి కొంత నాగరికముగా తింటిమి. మా గృహిణి కొంచెము జంకి, తరువాత జంకు మఱచినది. మా తల్లిమాత్రము సంచి నొడిలో బెట్టుకొని కూర్చున్నది. “బజార్ల కూసొని తింటె నలుగురేమనుకుంటరు బిడ్డా. మీరు తినుండ్రి. ఏమన్న మిగిలితె ఇంటికాడ తింట” అన్నది. మిగిలితే యన్న మాట మా చెవిని అప్పుడు పడలేదు.

అంతలో నొక వింత జరిగినది. బల్లముందు ఇంకను అయిదారుగురు నిలుచుండగనే, అట్లు పోయు నామె గరిటెను భర్త చేతికిచ్చి, కొంగుతో మొగము తుడుచుకొని, వచ్చి బల్లపై మా ప్రక్కన కూర్చున్నది. అతడు మాటాడక పెంకపై నీళ్లు చిలుకరించి అట్టు పోసి, ఆమె ముందు పెట్టెను. ఆమె తినుచుండగా మఱియొకటి పోసెను. నిలుచున్నవారు వేచియుండిరి. మా చూపు గమనించి ఆమె నవ్వి, “ఏంది సారు, గట్ల సూస్తున్నరు? పోసేటోళ్లు తినొద్దా? ఆఖర్ల తింటె అది అట్టు గాదు, అట్ట” అనినది. పిదప మా తల్లివైపు తిరిగి, “అవ్వా, నువ్వు గుడ తిను. వేడిమీద తిను” అని భర్తకు సైగ చేసినది.

మా తల్లి కాదనలేకపోయినది. అంచు తుంచి నోట బెట్టుకొన్నది. కొంతసేపు నమలుచు ఊరకుండి, “మీ బాపు ముందుగాల అంచులు తెంపుకొని ఎందుకు తింటుండెనో గిప్పుడు ఎర్కైంది” అన్నది.

మా తండ్రి గతించి పదునొకండేండ్లు. మా తల్లి యాబదియేండ్లకు పైగా మా యింట అట్లు పోసినది. ఎన్ని వేలు పోసెనో లెక్కింపజాలము. మేమందఱము వరుసగా కూర్చుండి “అమ్మా, ఇంకొకటి” యని కేకవేయుటయు, ఆమె పొయ్యి విడువకుండుటయు మాకు గుర్తు. ఆమె యెప్పుడు తినెనో గుర్తులేదు. గిన్నె యడుగున నీరు కలిపి గీకగా వచ్చిన కడపటి పలుచని యట్టు, అందఱును వెడలిన తరువాత, చల్లారిన చట్నీతో. ఇప్పుడా చోట మా గృహిణి నిలుచుచున్నది.

అన్నము సంగతి వేఱు. కుండ దించినచో ఇంటివారందఱు ఒకే వేళ కూర్చుండవచ్చును. కూర్చుండనిచ్చుటకు మనసు చాలును. అట్టు అట్టిది కాదు. ఒక్కొక్కటే పుట్టును, పుట్టిన కొలది నిమిషములకే చచ్చును. వేడిలో నీరు పీల్చి మెత్తబడిన బియ్యపు పిండి చల్లారినకొలది మరల బిగిసికొని సాగుడు బారును. నడిమి తడి అంచునకు ప్రాకి కరకర పోవును. కావున తరువాత తినుట యనగా ఆ పదార్థమునే తినకుండుట. అబిస్సీనియా దేశమున, నేటి యితియోపియాలో, టెఫ్ అను ధాన్యపు పులిసిన పిండితో ఇంజెరా యను పెద్ద యట్టు చేయుదురు. దానిని ముందుగనే కాల్చి యుంచి, ఒకే పళ్లెరము చుట్టు అందఱు చేరి తుంచుకొని తిందురు. కాల్చినయామెయు ఆ పళ్లెరమునొద్ద కూర్చుండుటకు వీలున్నది. ఫ్రాన్సులో క్రేప్ అనునది మన యట్టునకు దగ్గఱి చుట్టము, పులియబెట్టుట యొకటి తక్కువ. దానికి మనవలెనే ఒకరు పెనమునొద్ద నిలువవలసినదే.

మన యట్టు ముదుసలి. 12 వ శతాబ్దిలో కల్యాణి చాళుక్య చక్రవర్తి మూడవ సోమేశ్వరుడు రచించిన మానసోల్లాసములో ధోసక మను పేర పప్పుధాన్యపు టట్టు కనబడును. ఆ రాజునకు వేడివేడిగనే వడ్డించి యుందురు. వండినవాడు ఎప్పుడు తినెనో. కోస్తా మండలములలో ఆశ్వయుజ బహుళ తదియనాడు అట్లతద్ది జరుపుదురు, మా పల్లెలలో ఆ యాచారము అంతగా లేదు. ఆనాడు ఉపవాసముండి అట్లు పోయునది స్త్రీయే, చంద్రుడు కనబడిన పిమ్మట గాని ఆమెకు భోజనము లేదు. వినోదము నిండిన పండుగయే, మేము దానిని తప్పుపట్టము; పోలిక తోచినది, వ్రాసితిమి.

సంఘసంస్కర్తలు సహపంక్తి భోజనములు నడపిరి. మా చిన్ననాట పెద్దలు వాని ముచ్చట చెప్పగా విని గర్వించితిమి. ఆ పంక్తులకు వండినదెవరు, వారు ఏ పంక్తిలో కూర్చుండిరి అని అడుగవలెనని మాకు తోచలేదు. వీరేశలింగము పంతులుగారు స్త్రీలకొఱకు సతీహితబోధిని యను పత్రిక ప్రారంభించి నూటనలుబది యేండ్లు దాటినది. మేమును మార్చి 8 వ తేదీ సభలలో రెండుమూఱులు ఉపన్యసించితిమి. ఒకసారి సభకు పోవు తొందరలో, అట్టు ఆలస్యమైనదని వంటింటివైపు గట్టిగా పలికినట్లు జ్ఞాపకము. ఏ విషయముపై మాటాడబోవుచుంటిమో చెప్పుటకు సిగ్గగుచున్నది.

ఇది యొక్క మా యింటి గొడవయే యనుకొందమన్న, లెక్కలు ఒప్పుకొనవు. 2019 లో కేంద్రప్రభుత్వ గణాంకశాఖ కాలవినియోగమును సర్వే చేసినది. వేతనములేని యింటిపని చేయువారిలో స్త్రీకి దినమునకు 299 నిమిషములు, పురుషునకు 97 నిమిషములు పట్టినట్లు అప్పుడు తేలినది. ఆ పనిలో చేయిపెట్టు పురుషులే నూటికి 26 మంది. 2019–21 నాటి జాతీయ కుటుంబారోగ్య సర్వేలో 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత కనబడినది, అదే యీడు పురుషులలో 25 మందికి. దీనికి హేతువులు పెక్కు కలవు; ఋతుస్రావము, ప్రసవములు, ఇనుము తక్కువైన తిండి. కడపట, మిగిలినది, చల్లారినది తినుట యొక్కటే హేతువని మేమనము. కాని కూరగిన్నె అడుగున ఏమి మిగులునో గిన్నెలు తోమువారికి తెలియును.

మరుసటి యాదివారము మేము గరిటె పట్టితిమి. పిండి రుబ్బినది గృహిణియే, ఆ మాట దాచము. మొదటిది పెంకకు కఱచుకొని లేవలేదు. రెండవది చుట్టుటలో చిరిగి ఏదో దేశపటమువలె నైనది. పిల్లలు చూచి దాని పేరు చెప్పుటకు పోటీపడిరి. మా తల్లి కూర్చుండలేకపోయినది. గడపవఱకు వచ్చి, “పెంక మస్తు కాలింది, నీళ్లు సల్లు. ఇటు తే, నేను పోస్త” అని మూడుమాఱులు చేయిచాచినది. గృహిణి ఆమెను భుజము పట్టి తీసికొనిపోయి కూర్చుండబెట్టినది. నాలుగవది పరవాలేదు. దానిని పరుగున తెచ్చి మా తల్లికి పెట్టితిమి, అయిదవది గృహిణికి. ఒకరు కరకర తక్కువన్నారు, ఒకరు ఉప్పు తక్కువన్నారు. పిల్లలు తిని వెళ్లిరి. చట్నీ అయిపోయినది. పొయ్యియొద్ద నిలుచుండి, మొదట పాడైన అట్టు ముక్కలను మామిడికాయ తొక్కుతో మేము తినుచుండగా, నడిమియింటినుండి “ఇంకొకటి ఉన్నదా?” యని మా తల్లి గొంతు వినబడినది.

పిండిగిన్నె వంచి చూచితిమి. గరిటెడు మిగిలియున్నది. పెంకపై నీళ్లు చిలుకరించితిమి.