పాతకాగితములతో కానుకల యలంకారము

క్రిస్మసు సమీపించునప్పటికి మా పాఠశాలలో కాగితమునకు గిరాకి హెచ్చుట వాడుక. నక్షత్రములు, గొలుసులు, తోరణములు, కానుకల పొట్లములు, ఇవన్నియు కాగితమునే కోరును. అయితే బజారున దొరకు మెరుగు కాగితములలో పెక్కింటికి ప్లాస్టికు పూత యుండును. చదువరులు దీనిని సులభముగా పరీక్షింపవచ్చును. గుప్పిట నలిపి విడిచినపుడు తనంతట తాను విచ్చుకొనునది ప్లాస్టికు కలిసినది. నలిగి ముద్దగా నిలుచునది కాగితము. మొదటిది మరల గుజ్జుగా మారి కాగితము కాజాలదు. 2022 జూలై 1 నుండి అలంకారములకు వాడు థర్మోకోలును, మిఠాయి పెట్టెలపైనను ఆహ్వానపత్రికలపైనను చుట్టు ప్లాస్టికు పొరయు మన దేశమున నిషిద్ధములైనవి. కావున ఈ యేడు ఆసుపత్రిలోని రోగులకును, వసతిగృహమునందలి చిన్నపిల్లలకును ఈయదలచిన అరువది కానుకలకు వలయు హంగులన్నియు పాతకాగితముతోనే సమకూర్పవలయునని తొమ్మిదవ తరగతి వారమగు మేము నిశ్చయించుకొంటిమి.

ఇది క్రొత్త యోచన యని మేము చెప్పుకొనము. మహాత్మా గాంధీగారు తమకు వచ్చిన కవరులను విప్పి వాని లోపలివైపున వ్రాసికొనెడివారు. 1934లో స్థాపితమైన అఖిలభారత గ్రామపరిశ్రమల సంఘము కుమారప్పగారి నిర్వహణమున వార్ధాయందు చేతికాగితపు పరిశ్రమకు మరల ప్రాణము పోయ యత్నించెను. బొమ్మల కాగితమున కానుకలు చుట్టు వేడుకయో, మనము తలంచునంత ప్రాచీనమైనది కాదు. అమెరికాలోని కాన్సాసు నగరమున హాలు సోదరుల అంగడిలో 1917 క్రిస్మసునాటికి పలుచని కాగితము అయిపోగా, కవరుల లోపల అతికించుటకై ఫ్రాన్సునుండి వచ్చిన చిత్రవర్ణ కాగితమును వారు అమ్మకమునకు పెట్టిరి. అది వెంటనే చెల్లిపోయెను. సరకు చాలకపోవుటచే పుట్టిన ఆచారమును మనము సంపన్నుల లాంఛనముగా భావించుచున్నాము!

చీరాల నేతపనివారి ఊరు. ఇచ్చటి తేలియా రుమాళ్లు ఒకప్పుడు ఓడలమీద అరబ్బు దేశములకు పోయినవి. మా తరగతిలో మగ్గపు చప్పుడు వినుచు పెరిగినవారు పెక్కుమంది గలరు. అందుచే పాతకాగితమును వెదకుటకై మేము దూరము పోనక్కరలేకపోయెను. నూలు కట్టలకు చుట్టివచ్చు గోధుమవన్నె కాగితము దళసరియై, గట్టిదై, పొట్లములకు మిక్కిలి అనుకూలముగా నుండెను. దారము చుట్టివచ్చిన కాగితపు గొట్టములను అడ్డముగా కోసినచో ఉంగరములయ్యెను; వానిని నాలుగేసి చొప్పున అతికింపగా పువ్వులయ్యెను. బట్ట కోసిన పిదప మగ్గమున మిగులు రంగురంగుల పడుగు కొనలను జడగా అల్లి కట్టుత్రాళ్లు చేసితిమి. బజారు రిబ్బను వీనిముందు వెలవెలబోవునని మా నమ్మకము. నేతవారి బిడ్డలమగుటచే మాకు కొంత పక్షపాత ముండవచ్చును.

జిగురు విషయము కొంచెము వివరింపవలయును. ఒక పాలు మైదాపిండిని ముందుగా చన్నీట ఉండలు లేకుండ కలిపి, ఐదు పాళ్ల నీటిలో సన్నని సెగమీద కలియబెట్టుచు ఉడికింపగా తెల్లని పిండి పారదర్శకమగును. అప్పుడు దింపవలెను. పుస్తకములు కుట్టువారు పురుగు పట్టకుండుటకై దీనిలో మైలతుత్తము వేయుదురు గాని అది విషము. పిల్లల చేతిపనికి పనికిరాదు. ఏ పూట జిగురు ఆ పూటకే కాచుకొనుట మేలు. ఇది పడుగునకు పట్టించు గంజికి దగ్గరి చుట్టమే. నేతవారింటి పిల్ల యొకతె చేతితో తాకి, “ఇంకా పలుచగా నున్నది” అని చెప్పినచో మేము మారుపలుకక మరల పొయ్యిమీద నెక్కించితిమి.

కాగితమునకు నార యొక్క వాలు కలదను సంగతి మాకీ పనివలన తెలిసెను. వార్తాపత్రికను ఒక దిక్కున చింపినచో చీలిక తిన్నగా పోవును; రెండవ దిక్కున వంకరలు తిరుగును. యంత్రముమీద గుజ్జు సాగిపోవునపుడు నారలలో నెక్కువ భాగము ఒకే వైపునకు వాలుటయే దీనికి కారణము. వాలు వెంబడి మడిచిన మడత చక్కగా కూర్చుండును. అడ్డముగా మడిచినచో అంచు పగులును. నక్షత్రములు చేయువారు దీనిని మరువరాదు. కోణముల లెక్క తప్పినను నక్షత్రము కుదురదు. జర్మనీదేశమున నీస్కీ యను ఊరిలోని మొరేవియను సంఘమువారి బాలుర పాఠశాలయందు 1830 ప్రాంతమున క్షేత్రగణితము నేర్పుటకై కాగితపు నక్షత్రములు చేయించిరనియు, నేడు లోకమంతట వ్రేలాడు క్రిస్మసు నక్షత్రములలో ఒక జాతి అచ్చటనే పుట్టినదనియు మా లెక్కల ఉపాధ్యాయులు చెప్పిరి. అది విన్న పిమ్మట లెక్కల గంటలో కత్తెరలు పట్టుటకు మాకు అనుమతి లభించెను.

పాత నోటుపుస్తకముల విషయమున మాత్రము చిక్కు వచ్చినది. తన తప్పు లెక్కలమీది ఎఱ్ఱసిరా గుర్తులు ఊరివారి కంట పడునని ఒక బాలుడు పుటలనిచ్చుటకు సమ్మతింపలేదు. వ్రాతవైపు లోనికి మడిచి, పైకి తెల్లని అంచులు మాత్రము కనబడునట్లు అతని కాగితములతో హంసలు చేయగా అతడు శాంతించెను.

ఇక జకార్డు అట్టల సంగతి. చీర అంచున పువ్వు పుట్టించు రంధ్రముల అట్టలివి. కానుకలపై పేరు వ్రాసి కట్టు చీటీలకు ఇంతకన్న అందమైనవి లేవు. వెలుతురునకెదురుగా పట్టినచో చుక్కలు మెరయును. మాలో నొకడు తన తాతగారి అటకమీదినుండి ఒక పెద్ద కట్ట తెచ్చెను. అట్టలన్నియు వరుసగా దారముతో కుట్టబడి గొలుసువలె నుండెను. కత్తెర వేయుటకు ముందు తాతగారి నడిగి రమ్మని మా ఉపాధ్యాయురాలు వానిని పంపగా, మరునాడు ఆ వృద్ధుడే స్వయముగా వచ్చెను.

ఆయన బల్లమీద గొలుసును పరచి, “అమ్మా, ఒక్కొక్క అట్ట ఒక్కొక్క పేకపోగు. బొక్క ఉన్నచోట పడుగు దారము లేచును, లేనిచోట లేవదు. నడుమ ఒకటి పోయినా పువ్వుకు రేకు తెగిపోవును” అనెను. లియాను నగరవాసి జకార్డు 1804లో కనిపెట్టిన యంత్రమును మేము పాఠముగా చదివియుంటిమి గాని, ఆ వ్రేళ్లు రంధ్రములను తడవి చూపువరకు అది మాకు అర్థము కాలేదు. ఆ అంచును అడుగువారు లేక చాల ఏండ్లైనదట. గీసిన కాగితము ఎప్పుడో చెదలపాలైనది. ఆ పువ్వు ఇప్పుడు ఆ అట్టలలో తప్ప మరెక్కడను లేదు.

మేము చీటీల మాట విడిచితిమి. తాతగారే వెదకి, కట్టలో చేరని పాడైన అట్టలు తొమ్మిది తీసి మా కిచ్చిరి. మిగిలిన గొలుసును చూచి, పాత గళ్లకాగితముల వెనుకభాగమును అతికించి, రంధ్రమున్నచోట గడిని నింపుచు, లేనిచోట విడుచుచు ఆ పువ్వును తిరిగి గీయుటకు మాకు నాలుగు సాయంకాలములు పట్టెను. ఆయన ప్రక్కన కుర్చీలో కూర్చుండి అట్టలు చదివెను. మూడవనాడు ఒక వరుస తప్పినదని దూరమునుండియే కనిపెట్టి దిద్దించెను. నాలుగవనాడు చిలుక ముక్కు వంటి రేకు ఒకటి గళ్లలో తేలగా, “ఇదే, ఇదే మా నాయన గీసినది” అని లేచి నిలుచుండెను.

అరువది కానుకలలో తొమ్మిదింటికి జకార్డు చీటీలు కట్టితిమి. తక్కినవానికి నూలుకట్టల కాగితపు ముక్కలు సరిపోయెను. గీసిన గళ్లకాగితమును మాత్రము గోధుమవన్నె కాగితమున చుట్టి, పడుగుకొనల జడతో కట్టి తాతగారి చేతి కిచ్చితిమి. అంగడిలో ఒక వర్తకుడు దానిని చూచెననియు, సంక్రాంతి పిదప చెప్పెదననెననియు మనుమడు చెప్పుచున్నాడు. అట్టలు తిరిగి అటకమీదనే యున్నవి.